మోకాలడ్డు

మన తెలుగువాళ్ళు మోకాలికి ఎన్నడూ మర్యాద ఇచ్చినట్టు లేదు. తెలివితక్కువవాణ్ణి చూస్తే వాడి బుద్ధి మోకాల్లో ఉందంటాం. పొంతన లేని మాట వింటే బోడిగుండుకీ మోకాలికీ ముడివేశాడంటాం. సాగుతున్న పనిని ఎవరైనా ఆపితే మోకాలడ్డాడంటాం. చెయ్యి అందించినవాడు ఆప్తుడు, నడుం బిగించినవాడు కార్యశూరుడు, తల ఎత్తినవాడు ధీరుడు. మోకాలు మాత్రం అడ్డం పడటానికే పుట్టింది! ఇరవై ఏళ్ళుగా తరగతిలో జాతీయాలు చెబుతున్నా ఈ పక్షపాతం నా దృష్టికి రాలేదు. మూడేళ్ళ క్రితం ఒక ఆదివారం ప్రొద్దున కేశవగిరి మెట్లు దిగుతూండగా నా కుడి మోకాలు నిజంగానే అడ్డుపడింది. అప్పుడు వచ్చింది.

కేశవగిరి అంటే మా చాంద్రాయణగుట్టే. గుట్టమీద చెన్నకేశవస్వామి ఉన్నాడు. చెన్నరాయని గుట్ట జనం నోట్లో నలిగి నలిగి చాంద్రాయణగుట్ట అయిందని మా పేట పెద్దలంటారు. చంద్రుడితోపాటు ముద్దలు పెంచుకుంటూ తగ్గించుకుంటూ చేసే చాంద్రాయణ వ్రతానికీ దీనికీ సంబంధం ఉన్నట్టు తోచదు గాని, ఆ వ్రతంతో నాకు ఇప్పుడు కొంత పని పడింది. అది తరవాత చెబుతాను.

సంగతేమంటే, నేను పరుగెత్తుతాను. నలభైలు దాటుతున్న తెలుగు లెక్చరరమ్మ ఈ మాట వ్రాస్తే మీకు నవ్వు రావచ్చు. మా వీధివాళ్ళకూ వచ్చింది. ముప్ఫై ఎనిమిదో ఏట రక్తంలో చక్కెర హద్దు మీద నిలబడిందని పరీక్షలో తేలితే నడక మొదలుపెట్టాను. నడక ఎప్పుడు పరుగయిందో నాకే తెలియదు. తెల్లవారుజామున ఫజ్ర్ నమాజు ముగించుకుని పెద్దలు మసీదు మెట్లు దిగుతూంటారు. నహారీ దుకాణంలో డేగిసా మూత తీస్తూంటారు. నేను బూట్లు బిగించుకుని బార్కస్ వైపు సాగేదాన్ని. మొదట్లో కుక్కలు వెంటబడేవి, తరవాత కుర్రాళ్ళు వింతగా చూసేవారు, ఆరు నెలలకు ఇద్దరూ విసిగి మానేశారు. రెండేళ్ళు తిరిగేసరికి ఆగస్టు నెల హైదరాబాదు మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగు పూర్తిచేశాను. ఆ ఉక్క, ఆ వంతెనల ఎక్కుడు దిగుడు తెలిసినవాళ్ళకే తెలుసు. మెడలో పతకం వేసుకుని ఇంటికి వస్తే మా అమ్మ దాన్ని తిప్పి చూసి, "బంగారం కాదుగదా?" అంది.

అటువంటి నాకు మెట్లు దిగుతూంటే మోకాలి లోపల ఇసుక పోసినట్టయింది. మర్నాటికి వాచింది. కుర్చీలోంచి లేచేటప్పుడు బల్ల పట్టుకోవలసి వచ్చింది. ఎక్స్‌రే తీసిన డాక్టరుగారు దాన్ని వెలుతురుకు ఎత్తి చూపి, ఎముకకూ ఎముకకూ మధ్య సందు తగ్గిందని, ఇది కీలు అరుగుదల అని, నా వయసు ఆడవాళ్ళలో మామూలేనని చెప్పి, "ఇంక పరుగులు చాలించి విశ్రాంతి తీసుకోండి" అన్నారు. మా పక్కింటి ఖాలా పాయా తాగమంది. పొట్టేలు కాళ్ళు ఉడికించి తాగితే మన కాళ్ళు బాగవుతాయన్న తర్కం నాకు నచ్చింది గాని, మా ఇంట్లో మాంసం వండరు. కాలేజీలో ఒక సహాధ్యాపకుడు, "నేను ముందే చెప్పలేదూ?" అన్నాడు. ఆయన ఎన్నడూ చెప్పలేదు.

విశ్రాంతి అనే మాట వినగానే నా గుండె జారింది. ఎందుకో చెప్పాలంటే మా అమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మ ఒకప్పుడు ప్రతి శనివారం ఆ గుట్ట ఎక్కి దిగేది. అరవై రెండో ఏట మోకాళ్ళు నొప్పి అంటే ఒక డాక్టరు ఇదే మాట అన్నాడు: విశ్రాంతి తీసుకోమ్మా అని. మేమూ సంతోషించాం. ఇన్నాళ్ళూ చాకిరీ చేసింది, కూర్చోనీ అనుకున్నాం. బిందె ఎత్తనివ్వలేదు. కూరగాయలకు వెళ్ళనివ్వలేదు. మెట్లున్నాయని గుడికి వద్దన్నాం. పండుగ వస్తే కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ప్రేమతోనే చేశాం సుమండీ. మొదటి ఏడు గుట్ట పోయింది, రెండో ఏడు వీధి చివర అంగడి పోయింది, మూడో ఏడు వాకిలి పోయింది. నాలుగో ఏటికి మంచానికీ స్నానాలగదికీ మధ్య పన్నెండు అడుగులు మిగిలాయి. ఆమె తొడలు నా ముంజేతుల్లా అయ్యాయి. నొప్పి మాత్రం ఒక్క వీసం తగ్గలేదు. ఆ ఎక్స్‌రే కవరు పట్టుకుని ఇంటికి వస్తూంటే నాకు నా మోకాలు కనబడలేదు, ఆ పన్నెండు అడుగులు కనబడ్డాయి.

మరో డాక్టరు దగ్గరకు వెళ్ళాను. ఈవిడ చిన్నది, ఓపికగలది. ఎక్స్‌రే కన్నా ముందు నన్ను కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవమంది. ఒంటికాలి మీద నిలబడమంది. ఆ తరవాత చెప్పిన సంగతులు నా మాటల్లో మీకు చెబుతాను.

లేత తాటిముంజను వేలితో తాకి చూశారా? కీలులో ఎముకల చివర అటువంటి నున్నని తొడుగు ఉంటుంది. దాన్ని మృదులాస్థి అంటారు. ఆరోగ్యంగా ఉన్న కీలులో ఒక తొడుగు మీద మరొకటి మంచు మీద మంచు జారేదానికన్నా సులువుగా జారుతుంది. దానికి నరాలు లేవు. అందుచేత అరుగుతున్నా కబురు చెప్పదు. మనకు తెలిసే నొప్పి కింది ఎముక నుంచో, కీలు చుట్టూ ఉన్న పొర నుంచో వచ్చేది. దానికి రక్తనాళాలూ లేవు. అందుచేత గాయపడితే తనంత తాను పూడ్చుకోలేదు. మరి తిండి ఎక్కడిది? కీలులో ఊరే జిగురునీరే తిండి. అడుగు వేసినప్పుడు బరువుకు ఆ తొడుగు నొక్కుకుంటుంది, కాలెత్తినప్పుడు విచ్చుకుని నీరు పీల్చుకుంటుంది. గిన్నెలు తోమే స్పాంజి ఎలా పీల్చుకుంటుందో అలాగే. అంటే కాలు కదలకపోతే దానికి పస్తే!

ఇది విని చాలాసేపు మాట్లాడలేకపోయాను. మేము మా అమ్మ మోకాళ్ళను నాలుగేళ్ళు ప్రేమగా పస్తు పెట్టాం.

ఆ డాక్టరమ్మ ఇంకొక మాట చెప్పింది. ఎక్స్‌రే ఒకటి చెబుతుంది, మనిషి మరొకటి చెబుతాడు. పటంలో సందు పూర్తిగా మూసుకుపోయినవాడు తోటపని చేసుకుంటూంటాడు, ఏమంత లేనివాడు మూలుగుతూంటాడు. పటానికి కాదు, మనిషికి వైద్యం చెయ్యాలి.

పరుగు మోకాళ్ళను తినేస్తుందని లోకమంతా నమ్ముతుంది గనుక ఆ సంగతీ అడిగాను. అడగడమే కాదు, తరవాత చదివాను కూడా. 2017లో అనేక పరిశోధనల లెక్కలు కలిపి చూశారు. తుంటి, మోకాలి అరుగుదల సరదాకు పరుగెత్తేవారిలో నూటికి 3.5 మందికి ఉంటే, పరుగెత్తనివారిలో 10.2 మందికి ఉంది. పోటీల కోసం తీవ్రంగా పరుగెత్తేవారిలో 13.3 మందికి ఉంది. అతి చేసినవాడూ అసలు చెయ్యనివాడూ ఒకే గట్టున తేలారన్నమాట. కాళ్ళు నొప్పి పుట్టినవాళ్ళు పరుగు మానేసి రెండో గుంపులో చేరి ఉండవచ్చు గదా అని మీరడగవచ్చు. సబబైన ప్రశ్నే. నేనూ అడిగాను. పైగా నాకు అప్పటికే అరిగింది. నా వంటివాళ్ళ మాటేమిటి? 2018లో అమెరికాలో అరుగుదల ఉన్న యాభై దాటినవాళ్ళను కొన్నేళ్ళు గమనించి చూస్తే, తమకు తట్టుకునేంతలో పరుగెత్తినవారి కీళ్ళు పరుగెత్తనివారి కన్నా పాడుకాలేదు. నొప్పి కొందరికి తగ్గింది కూడా. "తట్టుకునేంతలో" అన్న మాట మీద వేలు పెట్టి మరీ చూపించింది డాక్టరమ్మ.

నేను ఆ మాట మీద వేలు పెట్టలేదు. మిగిలిన వాక్యమంతా చదువుకుని సంబరపడి, వచ్చే ఆదివారమే 12 కిలోమీటర్లు పరుగెత్తాను. సోమవారం నుంచి గురువారం దాకా ఆటోలో కాలేజీకి వెళ్ళి, బల్ల మీద కూర్చుని మనుచరిత్ర చెప్పాను. పసరు కాలికి పూసుకుని హిమాలయాలకు ఎగిరిపోయి, అది కరిగితే ఇంటికి రాలేక ఏడ్చిన ప్రవరుడి మీద ఆ వారం నాకు కలిగినంత సానుభూతి ఎన్నడూ కలగలేదు.

ఈ దశలో నాకు గురువు దొరికాడు. బార్కస్ పేరు మీరు వినే ఉంటారు. నిజాం కాలంలో హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సిపాయిల బారకాసులే జనం నోట్లో బార్కస్ అయ్యాయి. అక్కడి జామపళ్ళకూ పహిల్వాన్లకూ పేరు. ఒక లుంగీ కట్టిన పెద్దాయన రోజూ తన అరుగు మీద కూర్చుని నన్ను చూసేవాడు. డెబ్బై దాటాయి. ఒకప్పుడు తాలీంలో కుస్తీ పట్టిన మనిషి. అందరూ చిచ్చా అంటారు. నేను రెండు వారాలు కనబడక, తరవాత కుంటుతూ కనబడేసరికి పిలిచాడు.

"ఏమైంది బేటీ, మోకాలా?"

"అవును చిచ్చా, అరిగిపోయిందట."

"అరిగితే అరిగింది. బంద్ పెడుతవా?"

"ఏం చెయ్యాలో తెలియడం లేదు."

"మా తాలీంల మోకాళ్ళు రెండు తీర్ల ఖరాబైతయి. బైఠకీలు ఎక్కువ గొట్టి కొందరివి. ఒక్కసారే బంద్ పెట్టి కొందరివి. రెండో తీరోళ్ళే ఎక్కువ. కుస్తీ బంద్ జేసిండ్రు, ఖురాక్ బంద్ జెయ్యలె!"

కుస్తీ మానినా పాలూ బాదమూ నెయ్యీ మానలేదని ఆయన భావం. ఒకప్పుడు ఆయన రోజుకు వందలకొద్దీ బైఠకీలు తీసేవాడట. ఇప్పుడు కిటికీ ఊచలు పట్టుకుని సగం వరకే వంగుతాడు. ఇరవై సార్లు. నాకు లేచి చూపించాడు. నేను, "సగమేనా?" అన్నాను. "సగమైనా రోజూ," అన్నాడు. డాక్టరమ్మ నాకు వ్రాసి ఇచ్చిన కాగితంలో మొదటి వ్యాయామం అదే. తొడ ముందు కండ బలంగా ఉంటే అడుగు అదురును అది కాస్తుంది. అది సన్నబడితే అదురంతా కీలు మీదే పడుతుంది. ఇది ఒకరు కాలేజీలో నేర్చుకున్నారు, ఇంకొకరు మట్టిలో నేర్చుకున్నారు.

ఖురాక్ మాట నాకు తగిలింది. నా బరువు అప్పుడు 71 కిలోలు. శరీరంలో ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుందని 2005లో లెక్కగట్టారు. రోజుకు వేసే వేల అడుగులతో గుణించుకోండి. అప్పుడే చాంద్రాయణం గుర్తుకు వచ్చింది. పూర్తి వ్రతం పట్టలేదు గాని, కృష్ణపక్షం సగం మాత్రం నా కంచంలోకి తెచ్చుకున్నాను. అన్నం ఒక్కొక్క ముద్దే తగ్గించి, పప్పూ కూరా పెంచాను. అమావాస్య రానివ్వలేదు లెండి. ఏడాదిలో ఆరు కిలోలు తగ్గాయి.

ఇంక పరుగు. నాలుగు నిమిషాలు పరుగు, ఒక నిమిషం నడక, మళ్ళీ పరుగు. చెప్పడానికి తేలిక. చెయ్యడానికి కాలు కాదు, మొహం అడ్డువస్తుంది. ఒకప్పుడు నేను దాటిపోయినవాళ్ళు నన్ను దాటిపోతూంటే, అందులో నా శిష్యురాలు ఒకతె "గుడ్ మార్నింగ్ మేడం" అని మరీ దాటిపోతూంటే, ఆ ఒక్క నిమిషం నడవడం ఎంత కష్టమో! మొదటి నెల ఎవరైనా ఎదురైతే ఆగి బూటు తాడు ముడి వేసుకుంటున్నట్టు నటించేదాన్ని. ఆ ముడులన్నీ విప్పుకోవడానికి ఇంకో నెల పట్టింది. వ్యాయామం అయ్యాక నొప్పి రెండు గంటలు దాటి ఉంటే మోతాదు ఎక్కువయిందని లెక్క. మర్నాడు తగ్గించాలి, మానకూడదు. వాపు వస్తే ఆ కొద్ది రోజులూ పరుగు లేదు, కాలు కదపడం మాత్రం ఉంది. పరుగుకు ముందు నొప్పిమాత్ర వేసుకునే అలవాటు కొందరికి ఉంది. మా గుంపులోనే చూశాను. అది మహా చెడ్డది. కాపలావాడి నోరు నొక్కి ఇంటిని దొంగకు అప్పగించడమే. ఎండలో చెమటకు ఒళ్ళెండినప్పుడు ఆ మాత్రలు మూత్రపిండాలకు కూడా చేటు.

వారానికి రెండు రోజులు సైకిలు. సీటు పొట్టిగా ఉంటే మోకాలి ముందు భాగం నొప్పి పుడుతుంది. పెడలు కిందికి వెళ్ళినప్పుడు కాలు దాదాపు చాపుకోవాలి, కొద్దిపాటి వంపు మాత్రమే మిగలాలి. సైకిళ్ళ అంగడి అబ్బాయి, "ఆడవాళ్ళకు తగ్గించే పెడతాం మేడం," అన్నాడు. అతనితో వాదించి రెండు అంగుళాలు ఎత్తించుకున్నాను. ఈత నాకు రాదు. వచ్చినవాళ్ళు అదృష్టవంతులు. నడుములోతు నీళ్ళలో నిలబడితే కాళ్ళ మీద సగం బరువే ఉంటుంది. మన హైదరాబాదు నుంచి వెళ్ళిన గోలి శ్యామలగారు 2021 మార్చిలో, నలభై ఏడెనిమిదేళ్ళ వయసులో, శ్రీలంక నుంచి ధనుష్కోడి దాకా పాక్ జలసంధిని పదమూడు గంటలకు పైగా ఈదారు. ఓర్పుకు పరుగొక్కటే దారి కాదు.

ఒక పాఠకురాలు ఉత్తరం వ్రాస్తూ, మోకాలిలో గొట్టం పెట్టి కడిగితే అరుగుదల పోతుందట, నిజమేనా అని అడిగారు. 2002లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 180 మంది మీద దీన్నే పరీక్షించారు. కొందరికి నిజంగా కడిగారు, కొందరికి లోపల గీకి శుభ్రం చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు పెట్టి కుట్టేసి ఊరుకున్నారు. ఎవరికి ఏది చేసిందీ రోగికి చెప్పలేదు. రెండేళ్ళ తరవాత చూస్తే అందరి నొప్పీ ఒకే తీరుగా ఉంది! మార్పిడి శస్త్రచికిత్స మాట వేరు. కీలు పూర్తిగా పోయినవారికి అది వరమే. వాజ్‌పేయిగారు ప్రధానిగా ఉండగానే 2000లో ఒక మోకాలు, 2001లో రెండోది మార్పించుకున్నారు. అయితే ఆ తరవాత నడక, సైకిలు, ఈత చెయ్యమంటారు గాని సాధారణంగా పరుగు వద్దంటారు. మన పుల్లెల గోపీచంద్ సంగతి కూడా చాలామంది ఎత్తుతారు. 1994లో ఆడుతూ మోకాలు చెడి, శస్త్రచికిత్సలు చేయించుకుని, 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. గొప్పే. కాని అతనిది కీలును పట్టి ఉంచే కట్టు (లిగమెంటు) తెగిన గాయం, ఇరవై ఏళ్ళ వయసు. మనది అరుగుదల, మన వయసు మనకు తెలుసు. అతని కథ విని చప్పట్లు కొట్టవచ్చు, అతని కార్యక్రమం మాత్రం మనం చెయ్యకూడదు.

కిందటి ఏడాది తిరుమల నడచి వెళ్ళాను. అలిపిరి దారిలో 3,550 మెట్లు. పై భాగంలో మోకాళ్ళ పర్వతం వస్తుంది. మన భాషలో మోకాలికి దక్కిన మర్యాద ఏదైనా ఉంటే అది ఇదొక్కటే కాబోలు. రామానుజులు ఆ కొండను పాదంతో తొక్కరాదని మోకాళ్ళ మీద ఎక్కారంటారు. చిన్నప్పుడు అన్నమయ్య అక్కడికి వచ్చేసరికి అలసి, చెప్పులతోనే పడుకున్నాడనీ, అలమేలుమంగ కలలో కనబడిందనీ ఆయన మనుమడు చిన్నన్న వ్రాశాడు. నేను చెప్పులు లేకుండానే అలసిపోయి కూర్చున్నాను. నా పక్కన కూర్చున్న కడపజిల్లా ముసలమ్మ ఒకామె మోకాలు నిమురుకుంటూ, "ఎక్కేదానికి ఊపిరి గావాల, దిగేదానికి మోకాలు గావాలమ్మా," అంది. ఎంత సరిగ్గా చెప్పింది! దిగేటప్పుడే మోకాలికి అసలు పరీక్ష. కేశవగిరి మెట్లు నాకు ఎక్కేటప్పుడు కాక దిగేటప్పుడు ఎందుకు అడ్డుపడ్డాయో ఆమె ఒక్క ముక్కలో తేల్చింది. మేమిద్దరం దర్శనం చేసుకుని బస్సులో దిగాం. అందులో నాకేమీ చిన్నతనం తోచలేదు.

ఆగస్టు పరుగుకు ఈసారి 21 కిలోమీటర్లకు కాదు, 10 కిలోమీటర్లకు పేరు ఇచ్చాను. వచ్చే ఏటికి ఏమౌతుందో, మోకాలు ఎంత ఇస్తే అంత.

అసలు చెప్పవలసింది మా అమ్మ సంగతి. నేను సాయంత్రాలు కుర్చీలోంచి లేచి కూర్చునే వ్యాయామం చేస్తూంటే మంచం మీద నుంచి చూసేది. ఒకరోజు, "నాకూ ఒక కుర్చీ వెయ్యి," అంది. మొదటి రోజు రెండు చేతులూ ఆనించి ఒక్కసారి లేచి, నీరసపడి కూర్చుంది. డాక్టరమ్మ వచ్చి చూసి, కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచింది. అది ఎనిమిది నెలల క్రితం మాట. అమ్మకిప్పుడు డెబ్బై ఒకటి. గుట్ట ఎక్కలేదు, ఎక్కుతుందనీ చెప్పను. చేతికర్రతో వాకిలి దాకా వస్తుంది. ఖాలా నమాజు కుర్చీ తెచ్చుకుని మా వాకిట్లో ఆమె ఎదురుగా వేసుకుంటుంది. ఇద్దరూ కూర్చుని కోడళ్ళ మీద చాడీలు చెప్పుకుంటారు. మధ్యమధ్య లేస్తూ కూర్చుంటూ లెక్కపెడతారు. ఒకరు తెలుగులో, ఒకరు ఉర్దూలో. నిన్న సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి లెక్క తగువులో పడింది.

"పన్నెండు," అంటుంది మా అమ్మ.

"గ్యారా," అంటుంది ఖాలా.

తగువు తేలక మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టారు.